1 జీబీ దాటగానే తెగిపోతున్న పెండ్లి వీడియోల డౌన్‌లోడు: లోపం ఎక్కడున్నది?

పానగల్లు_స్టూడియో (సోమవారం, రాత్రి 9:40)

నల్లగొండలో మాకొక ఫొటో స్టూడియో ఉన్నది. ఇదివరకు పెండ్లి వీడియోలను పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు బంధువుల్లో సగంమంది హైదరాబాదులోనో, దుబాయిలోనో ఉంటున్నందువల్ల అందరూ లింకు పంపమంటున్నారు. అందుకోసం జాంగోతో (పైథాన్‌లో వెబ్‌సైట్లు రాసే పనిముట్టు) ఒక చిన్న వెబ్‌సైటును నేనే రాసుకున్నాను. అద్దెకు తీసుకున్న సర్వరులో రెండు కోర్లు, 4 జీబీ మెమొరీ ఉన్నాయి. ముందు అభ్యర్థనలను అందుకునే వెబ్ సర్వరు ఇంజిన్‌ఎక్స్, దాని వెనుక ఐదు వర్కర్లతో (అభ్యర్థనలకు జవాబిచ్చే ప్రాసెస్‌లు) జాంగోను నడిపే గునికార్న్ ఉన్నాయి. వినియోగదారుడు లాగిన్ అయి బటన్ నొక్కితే జాంగోలోని ఫైల్‌రెస్పాన్స్ ద్వారా వీడియో పంపుతున్నాను.

ఫొటోల జిప్ ఫైళ్ళు, ఐదారు నిమిషాల చిన్న వీడియోలు ఏ ఇబ్బందీ లేకుండా వస్తున్నాయి. 4.6 జీబీ ఉండే పూర్తి వీడియో మాత్రం ఇంతవరకు ఒక్కరికీ పూర్తిగా అందలేదు. నన్ను ఆశ్చర్యపరుస్తున్న విషయం ఏమిటంటే, అది ఎవరికైనా దాదాపు ఒకే చోట, 1.07 జీబీ దగ్గర తెగిపోతున్నది. ఇంటర్నెట్ వేగంగా ఉన్నవారికీ, నెమ్మదిగా ఉన్నవారికీ అదే అంకె. ఆగిన తరువాత మళ్ళీ నొక్కితే సున్నా నుండి మొదలవుతున్నది. సర్వరులోకి నేనే లాగిన్ అయి అక్కడి నుండే కర్ల్ అనే డౌన్‌లోడు ఆదేశంతో దించితే మొత్తం 4.6 జీబీ నిమిషంలోపు వచ్చేస్తున్నది. వీడియో ఫైలు చెడిపోలేదని దీనినిబట్టి అనుకుంటున్నాను. ఎక్కడ వెతకాలో పెద్దలు చెప్పగలరు.

మిర్యాలగూడ_కోడ్ (సోమవారం, రాత్రి 10:15)

గునికార్న్‌లో వర్కరుకు ఇచ్చే గడువు, మనం మార్చకపోతే, 30 సెకన్లు. ఆ లోపల వర్కరు తాను బతికే ఉన్నానని పై ప్రాసెస్‌కు తెలియజేయకపోతే దానిని చంపేసి కొత్తదానిని పుట్టిస్తారు. సాధారణ సింక్ వర్కరు (ఒకసారి ఒక్క అభ్యర్థననే చూసేది) ఒక పెద్ద ఫైలు పంపుతున్నంతసేపు మరే పనీ చేయలేదు కనుక ఆ కబురు పంపలేదు. గునికార్న్ లాగులో (జరిగినది రాసుకునే ఫైలులో) వర్కర్ టైమౌట్ అన్న వాక్యం కనిపిస్తున్నదేమో చూడండి. కనిపిస్తే గడువును 3600కు పెంచి ప్రయత్నించండి.

పానగల్లు_స్టూడియో (బుధవారం, ఉదయం 11:05)

మిర్యాలగూడ_కోడ్ గారూ, ధన్యవాదాలు. మీరు చెప్పిన వాక్యం లాగులో పదుల సంఖ్యలో ఉన్నది. గడువు 3600 చేశాను; మంగళవారం మధ్యాహ్నం మొదటిసారిగా ఒకరికి వీడియో పూర్తిగా చేరింది.

సంతోషం సాయంత్రం వరకే నిలిచింది. ఒక పెండ్లివారి కుటుంబ గ్రూపులో లింకు పెట్టగానే ఐదుగురు ఒకేసారి డౌన్‌లోడు మొదలుపెట్టారు. అప్పటి నుండి సైటు ఎవరికీ తెరుచుకోలేదు. లాగిన్ పేజీ సైతం తెల్లగా తిరుగుతూనే ఉన్నది. పెండ్లికూతురి మేనమామ స్వయంగా షాపుకు వచ్చి ఫోను నా ముందు పెట్టి, ఇదేమిటని అడిగారు. సర్వరు చూస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నది, మెమొరీ కూడా మిగిలే ఉన్నది. ఏ పనీ లేని సర్వరు జవాబెందుకు ఇవ్వడం లేదో నాకు అంతుపట్టలేదు.

పాలమూరు_లైనక్స్ (బుధవారం, రాత్రి 8:30)

మీ రెండు సమస్యలకూ మూలం ఒక్కటే. ముందుగా ఆ 1.07 అంకె సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు ఆధారం అందులోనే ఉన్నది. 1024 మెబీబైట్లు (1024 లెక్కన కొలిచే మెగాబైట్లు) అంటే 107,37,41,824 బైట్లు. వెయ్యితో భాగించే లెక్కలో అది 1.07 జీబీ. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ_మ్యాక్స్_టెంప్_ఫైల్_సైజ్ అనే అమరికకు ముందుగా ఉండే విలువ సరిగ్గా ఆ 1024 మెబీబైట్లే.

జరుగుతున్నది ఇది. వెనుకనున్న అప్లికేషన్‌ను త్వరగా విడిపించాలన్న మంచి ఉద్దేశంతో ఇంజిన్‌ఎక్స్ దాని జవాబును గబగబా తన వద్దకు తీసుకుని, మెమొరీ బఫర్లలో పట్టనిదానిని డిస్కు మీద తాత్కాలిక ఫైలులో దాచుకుని, వినియోగదారుడికి అతని వేగంలో అందిస్తుంది. వరద ఒక్క రాత్రిలో చెరువు నింపుతుంది, తూము మాత్రం నెలల తరబడి కొద్దికొద్దిగా పారుతుంది. ఆ చెరువు పనే ఇది. అయితే మీ చెరువుకు అలుగు లేదు. 1 జీబీ నిండగానే ఇంజిన్‌ఎక్స్ వెనుకవైపు నుండి చదవడం ఆపేస్తుంది. వర్కరు మిగిలిన 3.5 జీబీని చేతిలో పట్టుకుని ఎదురుచూస్తుంది. 30 సెకన్లు గడవగానే దానిని చంపేస్తారు. ఇంజిన్‌ఎక్స్ తన దగ్గరున్న 1 జీబీని ఓపికగా చివరి బైటు వరకు అందించి, ఆ పైన ఇవ్వడానికి ఏమీ లేక కనెక్షన్ మూసేస్తుంది. కనుకనే వేగం ఎంతైనా అందరికీ ఒకే అంకె వచ్చింది. 1 జీబీ లోపలి ఫైళ్ళు ఎప్పుడూ క్షేమంగా చేరాయి. సర్వరులో కూర్చుని దించితే తీసుకునే చేయి కూడా వేగంగా ఉన్నందువల్ల చెరువు నిండలేదు. అనుమానం ఉంటే ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగు తెరవండి. జవాబును తాత్కాలిక ఫైలులో దాచానన్న హెచ్చరిక, దాని తరువాత వెనుక సర్వరు కనెక్షన్‌ను ముందుగానే మూసిందన్న ఫిర్యాదు జంటగా కనిపిస్తాయి.

గడువు పెంచడం వల్ల ఆ చావు తప్పింది, దాని స్థానంలో బందీతనం వచ్చింది. 4 ఎంబీపీఎస్ వేగం ఉన్న మనిషి 4.6 జీబీ దించుకోవడానికి 9,200 సెకన్లు, అంటే రెండున్నర గంటలు పడుతుంది. మొదటి 1 జీబీ తీసేసినా దాదాపు రెండు గంటలు ఒక వర్కరు అతనికే అంకితం. ఐదుగురు వచ్చారు, మీ ఐదు వర్కర్లూ అయిపోయాయి. ప్రాసెసర్ ఖాళీగా ఉండటం కూడా సహజమే. బైట్లను సాకెట్టులోకి (నెట్‌వర్కు కనెక్షన్ కొసలోకి) తోసి ఎదురుచూడటానికి ప్రాసెసర్ అవసరం లేదు. మిర్యాలగూడ_కోడ్ గారు లోపాన్ని సరిగానే గుర్తించారు గాని మందు వేరు.

ఆ మందు ఏమిటంటే, ఎవరికి ఇవ్వవచ్చో నిర్ణయించడం వరకే జాంగో చేయాలి. మోత పని ఇంజిన్‌ఎక్స్‌కు వదిలిపెట్టాలి. జాంగో వినియోగదారుడి హక్కును పరిశీలించి, ఖాళీ జవాబులో ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ అనే హెడరు (జవాబుతోపాటు వెళ్ళే సమాచార వాక్యం) పెట్టి, లోపలి దారి పేరు రాసి పంపుతుంది. ఇంజిన్‌ఎక్స్ ఆ హెడరును బయటికి పంపదు. తానే చదువుకుని, డిస్కు మీది ఫైలును నేరుగా అందిస్తుంది. ఆ లోపలి దారికి ఇంటర్నల్ అన్న మాట తప్పక పెట్టాలి. లేకపోతే చిరునామా తెలిసిన ప్రతివాడూ లాగిన్ లేకుండానే తీసుకుపోతాడు. వర్కరు కొన్ని మిల్లీసెకన్లలో విముక్తమవుతుంది. అపాచీ వాడేవారికి ఇదే పనికి ఎక్స్-సెండ్‌ఫైల్ అన్న మాడ్యూల్ ఉన్నది.

దీనివల్ల ఇంకొక మేలు కూడా ఉన్నది. సెండ్‌ఫైల్ అమరికను ఆన్‌లో పెడితే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఫైలు బైట్లను ప్రోగ్రాము మెమొరీలోకి తెచ్చి మళ్ళీ తోయకుండా, తన పేజీ క్యాష్ (డిస్కు ఫైళ్ళను దాచుకునే మెమొరీ) నుండే సాకెట్టుకు పంపుతుంది. లైనక్స్‌లో ఈ సిస్టమ్ కాల్ 2.2 కెర్నెల్ నాటి నుండి ఉన్నది.

గద్వాల_క్లౌడ్ (బుధవారం, రాత్రి 9:10)

ఇంత శ్రమ ఎందుకన్నది నా ప్రశ్న. వీడియోలను ఆబ్జెక్ట్ స్టోరేజీలో (క్లౌడ్ సంస్థలు అద్దెకిచ్చే ఫైళ్ళ గోదాములో) పెట్టి, సంతకం చేసిన (గడువు ఉండి, మార్చితే చెల్లని) లింకు ఇస్తే మీ సర్వరుకు బరువే ఉండదు. జాంగో లింకు తయారుచేసి అటువైపు మళ్ళిస్తే చాలు. రేంజ్ అభ్యర్థనలు (ఫైలులో ఒక భాగాన్నే అడగడం), ఒకేసారి వందమంది రావడం, డిస్కు నిండటం అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

పాలమూరు_లైనక్స్ (బుధవారం, రాత్రి 9:45)

గద్వాల_క్లౌడ్ గారు చెప్పినది మంచి మార్గమే, కాదనను. కాని స్టూడియోవారు రెండు లెక్కలు వేసుకున్న తరువాతే అటు వెళ్ళాలి. ఒక పెండ్లి వీడియోను నలభైమంది దించుకుంటే 184 జీబీ. ముహూర్తాలు ఎక్కువగా ఉండే మాఘంలో ఇరవై పెండ్లిళ్ళు పట్టారనుకుంటే 3,680 జీబీ. చాలా క్లౌడ్ సంస్థలు దాచినందుకు తక్కువ, బయటికి పంపినందుకు జీబీకి ఇంతని ఎక్కువ వసూలు చేస్తాయి. అద్దె సర్వరుకు సైతం నెలవారీ పరిమితి ఉండవచ్చు గాని, అది ముందే తెలిసిన అంకె.

రెండవది లింకు గడువు. అమెజాన్ వారి ఆబ్జెక్ట్ స్టోరేజీ ఎస్3లో ప్రస్తుత సంతకం పద్ధతి ప్రకారం అటువంటి లింకుకు గరిష్ఠ గడువు ఏడు రోజులు. గడువును అభ్యర్థన మొదలైన క్షణంలోనే పరిశీలిస్తారు కనుక, ఒక గంట గడువు పెట్టినా మొదలైన డౌన్‌లోడు రెండు గంటలు నడిచి పూర్తి కాగలదు. మధ్యలో తెగితే మాత్రం మళ్ళీ అందుకునే అభ్యర్థన కొత్తది. దానికి తలుపు మూసే ఉంటుంది. భద్రత పేరుతో పదిహేను నిమిషాల గడువు పెట్టి, పల్లెలో ఉన్నవారికి ఎందుకు రావడం లేదని తలపట్టుకున్నవారిని చూశాను.

కొల్లాపూర్_టీచరమ్మ (గురువారం, ఉదయం 6:50)

నేను సర్వర్లు నడిపే మనిషిని కాను. దించుకునే వైపు మనిషిని. మా బడి పిల్లల కోసం పాఠాల వీడియోలను తెచ్చుకునేటప్పుడు నాకు తెలిసివచ్చిన సంగతి చెబుతాను. నల్లమల దగ్గర సిగ్నల్ రెండు గంటలు వరుసగా నిలవడం మేము ఆశించే విషయం కాదు. కనుక మాకు వేగం కన్నా ముఖ్యమైనది, తెగినచోటి నుండి అందుకోగలగడం. కొన్ని సైట్లలో ఆగిన డౌన్‌లోడును ఉదయం మళ్ళీ నొక్కితే అక్కడి నుండే సాగుతుంది. కొన్నిచోట్ల, రాత్రంతా ఫోను చార్జింగులో పెట్టి దించినదంతా వృథా అయి, డేటా ప్యాక్ కూడా ఖర్చవుతుంది. ఇంకా ఎంత మిగిలి ఉన్నదో చూపించకుండా ఊరికే గీత తిరిగే సైట్లైతే మరీ అన్యాయం. స్టూడియోవారు ఈ రెండింటినీ చూసుకుంటే అవతలి మనిషి సగం కష్టం తీరుతుంది.

పాలమూరు_లైనక్స్ (గురువారం, ఉదయం 8:20)

టీచరమ్మ గారు అడిగిన రెండింటికీ సాంకేతికంగా పేర్లున్నాయి. మిగిలినది ఎంతో చూపించాలంటే జవాబులో కంటెంట్-లెంగ్త్ ఉండాలి. అప్లికేషన్ మొత్తం పరిమాణం చెప్పకుండా ముక్కలు ముక్కలుగా పంపితే బ్రౌజరుకు గమ్యం తెలియదు. తెగినచోట అందుకోవాలంటే సర్వరు రేంజ్ హెడరును గౌరవించి, 200కు బదులు 206 కోడుతో అడిగిన భాగం మాత్రమే ఇవ్వాలి. జాంగో ఫైల్‌రెస్పాన్స్ తనంతట ఆ రేంజ్ పని చేయదు. మీకు సున్నా నుండి మొదలవడానికి కారణం అదే. డిస్కు మీది ఫైలును ఇంజిన్‌ఎక్స్ నేరుగా ఇచ్చినప్పుడు రెండూ ఉచితంగా వస్తాయి.

ఇక్కడే ఒక సూక్ష్మం. రంగులు సరిదిద్దారనో, పేరు తప్పు పడిందనో వీడియోను మళ్ళీ తయారుచేసి అదే పేరుతో పాతదాని మీద కాపీ చేస్తుంటారు. అప్పుడు సగం దించుకున్న మనిషికి పాత సగం, కొత్త సగం కలిసి అతుకుబొంత తయారవుతుంది. ఇంజిన్‌ఎక్స్ ఫైలు మార్పు సమయం, పరిమాణం రెండింటినీ కలిపి ఈ-ట్యాగ్ అనే గుర్తు ఇస్తుంది. మళ్ళీ అందుకునే బ్రౌజరు దానిని ఇఫ్-రేంజ్ హెడరులో చూపిస్తే, ఫైలు మారినప్పుడు సర్వరు మొత్తం మళ్ళీ పంపుతుంది. డౌన్‌లోడు నడుస్తుండగానే మార్చితే మాత్రం ఆ రక్షణ చాలదు. కొత్త వీడియోను అదే డిస్కు మీద వేరే పేరుతో పూర్తిగా రాసి, చివరన ఎంవీ ఆదేశంతో పేరు మార్చండి. అప్పటికే తెరిచి ఉన్న డౌన్‌లోడులకు పాత ఫైలే చివరిదాకా అందుతుంది, కొత్తగా వచ్చేవారికి కొత్తది అందుతుంది.

పానగల్లు_స్టూడియో (గురువారం, రాత్రి 11:30)

క్లౌడ్ లెక్క వేసి చూసి, ప్రస్తుతానికి మా సర్వరులోనే ఉంచాలని నిర్ణయించుకున్నాను. ఎక్స్-యాక్సెల్ పద్ధతి మొదలుపెట్టాను గాని మూడు చోట్ల ఆగిపోయాను. వీడియోలు నా హోం ఫోల్డరులో ఉన్నాయి. ఇంజిన్‌ఎక్స్ 403 (అనుమతి లేదు) ఇస్తున్నది. ఫైలు పేరు తెలుగులో ఉన్నవాటికి 404 (ఫైలు దొరకలేదు) వస్తున్నది. ఒక వీడియో మాత్రం వచ్చింది, కాని బ్రౌజరు దానిని దించకుండా పిచ్చి అక్షరాలతో పేజీగా తెరిచింది.

పాలమూరు_లైనక్స్ (శుక్రవారం, ఉదయం 7:45)

మొదటిది అనుమతుల వ్యవహారం. ఉబుంటు 21.04 నుండి కొత్తగా తయారయ్యే హోం ఫోల్డర్లు 750 అనుమతులతో (బయటివారికి ప్రవేశం లేకుండా) వస్తాయి కనుక ఇంజిన్‌ఎక్స్ నడిచే www-డేటా అనే వాడుకరి ఆ గడప దాటలేడు. హోం ఫోల్డరును అందరికీ తెరవకండి. వీడియోలను ఎస్ఆర్‌వీ (/srv) కింద ఒక వేరే ఫోల్డరుకు మార్చి, చదివే అనుమతి ఇవ్వండి. మార్చేటప్పుడు ఇంజిన్‌ఎక్స్ అమరికలోని ఏలియాస్ వాక్యంలో (డిస్కు మీది ఫోల్డరును చెప్పేది) ఒక జాగ్రత్త అవసరం. లొకేషన్ (వెబ్ చిరునామాలోని దారి) చివర ఏటవాలు గీత ఉంటే ఏలియాస్ చివర కూడా ఉండాలి, అక్కడ లేకపోతే ఇక్కడా ఉండకూడదు. లొకేషన్‌కు లేకుండా ఏలియాస్‌కు మాత్రమే పెట్టిన సర్వర్లలో, రెండు చుక్కల దారితో పై ఫోల్డరులోని ఫైళ్ళు చదివిన దాడులు ప్రసిద్ధమైనవి.

రెండవది హెడర్లలో తెలుగు. హెడరులో తెలుగు అక్షరాలను నేరుగా పెడితే జాంగో వాటిని ఈమెయిలు పద్ధతిలో మూటగట్టి పంపుతుంది. ఆ మూటనే ఫైలు పేరనుకుని ఇంజిన్‌ఎక్స్ వెతుకుతుంది. దారిని శాతం గుర్తుల రూపంలోకి (%E0 వంటివి) మార్చి పంపితే ఇంజిన్‌ఎక్స్ విప్పుకుంటుంది. కాని నా సలహా అడిగితే, డిస్కు మీద తెలుగు పేర్లే వద్దు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు. మనం నాలుగక్షరాలు అనుకునే ‘నల్లగొండ’ అన్న మాట కంప్యూటరుకు ఎనిమిది గుర్తులు, 24 బైట్లు, శాతం రూపంలో 72 అక్షరాలు. సాధారణ లైనక్స్ ఫైల్‌సిస్టములలో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు కనుక, వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, తేదీ, ఫంక్షన్ హాలు అన్నీ రాస్తే నిండిపోతుంది. డిస్కు మీద డేటాబేసు సంఖ్యను మాత్రమే పేరుగా పెట్టండి. వినియోగదారుడికి కనిపించాల్సిన తెలుగు పేరును కంటెంట్-డిస్పొజిషన్ హెడరులో ఇవ్వండి, జాంగో 4.2 నుండి దానికోసం ప్రత్యేకంగా ఒక ఫంక్షన్ ఉన్నది, తెలుగును అది సరిగ్గా మూటగడుతుంది. అడిగినవాడు పంపిన పేరుతో డిస్కు మీద వెతికే ప్రమాదం కూడా దీనితో పోతుంది.

మూడవది చిన్నది. జాంగో ఖాళీ జవాబుకు కూడా హెచ్‌టీఎంఎల్ అన్న రకం అంటిస్తుంది, ఇంజిన్‌ఎక్స్ దానినే నమ్ముతుంది. కంటెంట్-టైప్‌ను వీడియో/ఎంపీ4 అని స్పష్టంగా చెప్పండి.

జడ్చర్ల_పాతకాపు (శుక్రవారం, మధ్యాహ్నం 1:10)

సర్వరు బాగుపడిన తరువాత మీకు రాబోయే ఫోన్ గురించి ముందే చెబుతాను. పెద్దవాళ్ళు వీడియోను పెన్‌డ్రైవులో వేసి టీవీలో చూస్తారు. పాత పెన్‌డ్రైవులు ఎక్కువగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక ఫైలు 4 గిబీబైట్లకు (సుమారు 4.29 జీబీ) ఒక బైటు తక్కువ వరకే పడుతుంది. 4.6 జీబీ దించుకున్న మనిషి కాపీ చేయబోతే చోటు ఉన్నా చోటు లేదంటుంది, తిట్లు మాత్రం మీకే వస్తాయి. నేను చూసినంతలో ఉత్తమమైన పని, ఎదుర్కోళ్ళు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్ వేర్వేరు ఫైళ్ళుగా ఇవ్వడం. ఒక్కొక్కటి ఒకటిన్నర జీబీ లోపల ఉంటుంది, చూసేవారికి కావలసింది కూడా అదే. బరాత్ ఒక్కటే కావాలనే కుర్రవాళ్ళు మిగతాది దించుకోరు కనుక మీ సర్వరుకు కూడా బరువు తగ్గుతుంది.

పానగల్లు_స్టూడియో (ఆదివారం, రాత్రి 8:05)

పని పూర్తయింది. కర్ల్‌తో మొదటి వంద బైట్లు మాత్రమే అడిగి చూశాను; 206 వచ్చింది, మొత్తం పరిమాణం కూడా చూపించింది. గునికార్న్ గడువును మళ్ళీ 30కి తగ్గించాను. నిన్న సాయంత్రం పదకొండు మంది ఒకేసారి దించుకుంటుండగా లాగిన్ పేజీ ఎప్పటిలాగే తెరుచుకున్నది. లాగిన్ కుకీ లేని డౌన్‌లోడు యాప్‌ల కోసం, జాంగో టైమ్‌స్టాంప్‌సైనర్‌తో ఏడు రోజుల సంతకం లింకు కూడా ఇస్తున్నాను. జడ్చర్ల_పాతకాపు గారి మాట ప్రకారం కొత్త పెండ్లిళ్ళకు ముక్కలుగానే ఇవ్వబోతున్నాను.

ఒక్క అనుమానం మిగిలింది. ఎవరు ఎన్నిసార్లు దించుకున్నారో జాంగోలో లెక్కపెడుతున్నాను. ఒక్కరి పేరు మీద పదహారు డౌన్‌లోడులు చూపిస్తున్నది. ఆయన ఒక్కసారే నొక్కానంటున్నారు. మనిషికి ఐదు సార్లని హద్దు పెట్టాలనుకుంటున్నాను గనుక అడుగుతున్నాను.

పాలమూరు_లైనక్స్ (ఆదివారం, రాత్రి 9:20)

ఆయన నిజమే చెబుతున్నారు. డౌన్‌లోడు మేనేజర్లు ఒక ఫైలును రేంజ్ ముక్కలుగా విడదీసి ఒకేసారి అనేక కనెక్షన్లతో తెస్తాయి. ప్రతి ముక్కా మీ జాంగోకు వేరే అభ్యర్థనగానే కనిపిస్తుంది. సిగ్నల్ తెగి మళ్ళీ అందుకున్న ప్రతిసారీ కూడా మరొకటి. కనుక అభ్యర్థనలను లెక్కపెట్టి హద్దు పెడితే, ఆ హద్దు ముందుగా తగిలేది టీచరమ్మ గారి వంటివారికే. హద్దు తప్పనిసరి అనుకుంటే ఇంజిన్‌ఎక్స్ లాగులో లింకువారీగా వెళ్ళిన బైట్లను కూడి, ఫైలు పరిమాణంతో భాగించండి.

కనెక్షన్ల సంఖ్యకు ఇంజిన్‌ఎక్స్‌లోని లిమిట్_కాన్‌తో మూడో నాలుగో హద్దు పెట్టవచ్చు. అయితే దానిని ఐపీ చిరునామాను బట్టి పెట్టకండి. మొబైల్ నెట్‌వర్కులలో ఒకే ఐపీవీ4 చిరునామా వెనుక ఎందరో ఉంటారు, ఒకరి మేనేజరు వల్ల ఊరంతా ఆగిపోతుంది. లింకులోని సంతకాన్ని బట్టి లెక్కపెట్టండి. లిమిట్_రేట్ (వేగానికి హద్దు) పెడితే అది మనిషికి కాదు, ఒక్కొక్క కనెక్షన్‌కు వర్తిస్తుందన్నది కూడా లెక్కలో ఉంచుకోండి.

పానగల్లు_స్టూడియో (ఆదివారం, రాత్రి 9:50)

అర్థమైంది. సంతకం మీదనే నాలుగు కనెక్షన్ల హద్దు పెట్టి, లెక్కను బైట్లలోకి మారుస్తున్నాను. మేనమామ గారికి ఈ రాత్రే కొత్త లింకు పంపాను. 38 శాతం దగ్గర ఉన్నదని ఇప్పుడే చెప్పారు.